విశ్వవిద్యాలయం ముందా, కంపెనీలు ముందా?

కొత్త టెక్నాలజీ నగరం ఎదగాలంటే ముందు ఏది ఉండాలి? అమెరికాలో కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీలో ఉన్న పాలో ఆల్టోనీ, ఫ్రాన్స్‌లోని సోఫియా ఆంటిపోలిస్‌నీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

పాలో ఆల్టోలో ముందున్నది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. ప్రొఫెసర్ ఫ్రెడరిక్ టర్మన్ తన శిష్యులు హ్యూలెట్, ప్యాకార్డ్‌లను అక్కడే కంపెనీ పెట్టమని ప్రోత్సహించాడు. 1939లో ఒక కారు షెడ్డులో మొదలుపెట్టారు. వాళ్ల తొలి సరుకు ఆడియో ఆసిలేటర్, అంటే పరీక్షల కోసం ధ్వని సిగ్నళ్లు పుట్టించే పరికరం. హ్యూలెట్ చదువుకునేటప్పుడు చేసిన పరిశోధనలోంచే అది పుట్టింది. సిగ్నల్ నిలకడగా ఉండడానికి అందులో వాడింది ఓ మామూలు చిన్న బల్బు! తరగతి గదికీ బజారుకీ మధ్య దూరం అంతే. 1951లో స్టాన్‌ఫర్డ్ తన భూమిని కంపెనీలకు అమ్మకుండా లీజుకిచ్చి ఇండస్ట్రియల్ పార్కు పెట్టింది.

సోఫియా దారి వేరు. 1969లో స్థలం చూపించి పెద్ద కంపెనీల శాఖలను రప్పించారు. ఉద్యోగాలు త్వరగానే వచ్చాయి. కానీ నిర్ణయాలన్నీ ఎక్కడో హెడ్డాఫీసులోనే. 1990ల మొదట్లో ఊపు తగ్గినప్పుడు ఆదుకున్నవాటిలో ముఖ్యమైనవి, అప్పటికే అక్కడికి చేరిన పరిశోధనశాలలు, చదువులు.

నా ఓటు విశ్వవిద్యాలయానికే, కానీ ఒక షరతు మీద. పేరున్న యేల్ విశ్వవిద్యాలయం ఉన్నా అమెరికాలోని న్యూ హేవెన్ నగరం మరో సిలికాన్ వ్యాలీ కాలేదు. కాలిఫోర్నియాలో ఉద్యోగం మానేసినవాడు పోటీ కంపెనీలో చేరకుండా కట్టిపడేసే ఒప్పందాలు 1872 నుంచే చెల్లవు. నా షరతు అదే: నేర్చుకున్నవాడికి బయటికొచ్చి సొంతంగా మొదలుపెట్టే స్వేచ్ఛ ఉండాలి.