పైథాన్ లాగింగ్ మాడ్యూల్: ఏడేళ్లు వాడాక

ప్రోగ్రామ్ నడుస్తూ ఏం చేస్తోందో రాసిపెట్టేందుకు పైథాన్‌తో పాటు వచ్చే లాగింగ్ మాడ్యూల్‌ని ఏడేళ్లుగా వాడుతున్నాను. పెద్ద అప్లికేషన్లలో కాదు, స్క్రిప్టుల్లో. రాత్రి రెండింటికి క్రాన్ (చెప్పిన టైముకి ప్రోగ్రాములు నడిపేది) లేపితే లేచి, ఒక డేటాబేస్‌లోంచి రికార్డులు తీసుకుని, కాస్త శుభ్రం చేసి, ఇంకోచోట పడేసి మళ్లీ పడుకునే రకం స్క్రిప్టులు. వీటికి లాగింగ్ ఎందుకు, ప్రింట్ పెట్టుకుంటే చాలదా అని నేనూ అన్నవాణ్ణే.

ప్రింట్‌తో తగిలిన దెబ్బ ఏంటంటే, అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించాను. టెర్మినల్‌లో అయితే లైను తర్వాత లైను వెంటనే కనిపిస్తుంది, ఫైల్‌కి మళ్లించగానే అదంతా బఫర్‌లో, అంటే మెమరీలోని తాత్కాలిక జాగాలో, పోగై, నిండాక ఒకేసారి పడుతుంది. ఒక రాత్రి మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ స్క్రిప్టుని చంపేసింది, బఫర్‌లో ఉన్నది కూడా దానితోపాటే పోయింది. ఫైల్‌లో చివరి లైను చూసి 4,000వ రికార్డు దగ్గర ఆగిందనుకుని సగం రోజు అక్కడే తవ్వాను, అది నిజానికి ఆ రికార్డు దాటి ఎప్పుడో వెళ్లిపోయింది. లాగింగ్ మాడ్యూల్ రాసిన ప్రతి లైనునీ అప్పటికప్పుడే ఫ్లష్ చేస్తుంది, అంటే బఫర్‌లో ఉంచకుండా బయటికి తోసేస్తుంది. మారడానికి నాకు ఆ ఒక్క కారణం సరిపోయింది.

2003లో పైథాన్ 2.3తో వచ్చిన మాడ్యూల్ ఇది. జావావాళ్ల లాగింగ్ లైబ్రరీ లాగ్‌ఫర్‌జే (log4j) చూసి చేసింది కాబట్టి గెట్‌లాగర్ (getLogger), బేసిక్‌కాన్ఫిగ్ (basicConfig) లాంటి పేర్ల మధ్యలో పెద్దక్షరాలుంటాయి. మిగతా పైథాన్ చాలావరకు అండర్‌స్కోర్లతో నడుస్తుంటే ఇది చుట్టపుచూపుగా వచ్చి ఉండిపోయినట్టు ఉంటుంది. అలవాటైపోతుంది లెండి.

అలవాటు కానిది దాని మౌనం. డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50, ఇవీ స్థాయిలు. ఏమీ సెట్ చేయకపోతే వార్నింగ్ కంటే కింద ఉన్నవేవీ కనిపించవు, అందుకే కొత్తవాళ్లు ఇన్ఫో రాసి, రన్ చేసి, ఖాళీ స్క్రీన్ చూసి మళ్లీ ప్రింట్‌కే వెళ్లిపోతారు. సెట్టింగులు ఇచ్చే ఫంక్షన్ బేసిక్‌కాన్ఫిగ్ ఇంకా ఘోరం. మీరు పిలిచేలోపే రూట్ లాగర్‌కి (అన్ని లాగర్లకీ పైనుండేది) ఎవరో ఒక హ్యాండ్లర్ (లైన్లని ఫైల్‌కో స్క్రీన్‌కో పంపేది) తగిలించి ఉంటే, మీరిచ్చిన సెట్టింగులన్నీ పక్కన పెట్టేసి కిక్కురుమనకుండా ఊరుకుంటుంది. నేను వాడిన ఒక లైబ్రరీ ఇంపోర్ట్ అవుతూనే ఆ పని చేసేది, అది కనిపెట్టడానికి ఒక పూట పట్టింది. పైథాన్ 3.8 నుంచి ఫోర్స్ అని, పాత హ్యాండ్లర్లని తీసేసే ఒక ఆప్షన్ ఇచ్చారు, ఇప్పుడు కళ్లు మూసుకుని అదే పెట్టేస్తున్నాను.

లైన్లు రెండేసి రావడం ఇంకో గోల. హ్యాండ్లర్ తగిలించే ఫంక్షన్‌ని పొరపాటున లూప్ లోపల పెట్టాను. మొదటి ఫైల్‌కి ఒక లైను, రెండో ఫైల్‌కి అదే లైను రెండుసార్లు, నలభయ్యో ఫైల్‌కి నలభైసార్లు. డేటానే నలభైసార్లు ఎక్కిందేమోనని టెన్షన్‌తో ముందు డేటాబేస్ చూసుకున్నా.

అసలు పాఠం మాత్రం ఇంకో రోజు దొరికింది. పొద్దున లాగ్ తెరిస్తే కనిపించింది ఇంతే: "ఎర్రర్: 'ఐడీ'". అంతకు మించి ఒక్క ముక్క లేదు. ఎర్రర్‌ని పట్టుకునే ఎక్సెప్ట్ భాగంలో దాన్ని స్ట్రింగ్‌గా మార్చి రాసేశాను, కీఎర్రర్‌ని (లేని కీ అడిగితే వచ్చే ఎర్రర్) అలా మారిస్తే లేని కీ పేరు తప్ప ఏమీ మిగలదు. కొన్ని ఎర్రర్లకైతే అదీ ఉండదు, కోలన్ తర్వాత అంతా ఖాళీ. ఏ ఫైల్‌లో, ఎన్నో రికార్డులో, ఏ లైనులో అన్నది ఎవరిని అడగాలి? ఎర్రర్ బదులు ఎక్సెప్షన్ అనే మెథడ్ పిలిస్తే ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఏ ఫైల్, ఏ లైను మీదుగా వచ్చిందో చూపే జాబితా) మొత్తం దానంతటదే కింద వస్తుంది. 3.11 నుంచి ఆ లైనులో సరిగ్గా ఏ ముక్క దగ్గర పగిలిందో కూడా కింద గుర్తు పెట్టి చూపిస్తోంది. ఇప్పుడు రికార్డు నంబరూ ఫైల్ పేరూ లేకుండా ఎర్రర్ లైను రాయను.

అంతకంటే సిగ్గుపడాల్సింది, ఆ లైను అప్పటికి పదకొండు రాత్రులుగా పడుతోంది. ప్రింట్ రోజుల్లో, ఫైల్‌కి మళ్లించకపోతే, స్క్రిప్టు ఏం వాగినా క్రాన్ దాన్ని మెయిల్ చేసేది. లాగింగ్‌కి మారి అన్నీ ఫైల్‌లోకి పంపేసరికి బయటికి ఏమీ రాలేదు, మెయిలూ ఆగిపోయింది, నేనేమో అంతా సజావుగా నడుస్తోందనుకున్నా. ఎర్రర్ పట్టుకుని, లాగ్ రాసి, స్క్రిప్టు బుద్ధిగా సున్నా కోడ్‌తో ముగిసేది, అంటే బయటివాళ్ల లెక్కలో పాస్. ఇప్పుడు రెండు హ్యాండ్లర్లు పెడుతున్నాను: డీబగ్ నుంచి అన్నీ ఫైల్‌కి, ఎర్రర్ ఆపైన స్టాండర్డ్ ఎర్రర్‌కి (క్రాన్ మెయిల్ చేసే బయటి అవుట్‌పుట్). తప్పు జరిగిన రాత్రే మెయిల్ వస్తుంది. ఒక్క రికార్డు తప్పినా చివర్లో ఎగ్జిట్ కోడ్ 1. హ్యాండ్లర్ స్థాయి ఎంత పెట్టినా లాగర్ స్థాయి దాటాకే దాని దాకా వస్తుందన్నది మర్చిపోయి డీబగ్ లైన్ల కోసం వెతుక్కున్న రోజులూ ఉన్నాయి.

డీబగ్‌ని రూట్ లాగర్ మీద తెరిచారంటే మీ లైన్ల కంటే లైబ్రరీల కబుర్లే ఎక్కువొస్తాయి, వెబ్ రిక్వెస్టులు పంపే యూఆర్‌ఎల్‌లిబ్3 ఒక్కటే పేజీలు నింపుతుంది, దాని లాగర్‌ని పేరు పెట్టి వార్నింగ్‌కి తోసేయండి. రిక్వెస్ట్ హెడర్లు యథాతథంగా రాయకండి, వాటిలో ఉండే నా టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి రహస్యం) మూడు వారాలు మామూలు ఫైల్‌లో పడి ఉంది. బ్యాష్ స్క్రిప్టులో ప్రతి కమాండ్‌నీ చూపించే సెట్ మైనస్ ఎక్స్ (set -x) పెట్టినా ఇదే ప్రమాదం, కమాండ్‌లో పాస్‌వర్డ్ ఉంటే విప్పి మరీ చూపిస్తుంది.

ఫైల్ నిండితే పాతదాన్ని పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టే రొటేటింగ్ ఫైల్ హ్యాండ్లర్‌కి గరిష్ఠ సైజు ఇచ్చి బ్యాకప్ కౌంట్ (ఎన్ని పాత ఫైళ్లు ఉంచాలో) సున్నాగా వదిలేస్తే ఫైల్ ఎప్పటికీ తిరగదు, డిస్క్ నిండేదాకా పెరుగుతుంది. ఒకే ఫైల్‌లోకి రెండు ప్రాసెస్‌లు రాయడం కూడా ఇది చూసుకోదు.

మెచ్చుకోవాల్సిందీ ఉంది. లాగ్ లైనులో నేనే ఫార్మాట్ తప్పు రాసినా స్క్రిప్టు చావదు, స్టాండర్డ్ ఎర్రర్‌లో సణిగి ముందుకెళ్తుంది. లాగ్ రాయబోయి అసలు పని చెడగొట్టిన సందర్భం ఏడేళ్లలో ఒక్కటీ లేదు.

ఇరవై లైన్ల వాడి పారేసే స్క్రిప్టుకి ఇప్పటికీ ప్రింటే. మిగతా అన్నిటికీ ఒకే చిన్న సెటప్ ఫైల్ కాపీ చేసుకుంటాను. దాన్ని ఈమధ్య మార్చింది టైమ్ కోసం: డిఫాల్ట్‌గా పడే టైమ్‌లో మిల్లీసెకన్ల ముందు కామా ఉంటుంది కానీ టైమ్ జోన్ ఉండదు. వేర్వేరు జోన్లలో ఉన్న రెండు సర్వర్ల లాగ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు ప్రశ్న కంటే ముందే వచ్చినట్టు కనిపించింది. అన్నీ జీఎంటీకి మార్చాక కుదుటపడింది.