సీబీఆర్ 250ఆర్‌కి 15 పళ్ల స్ప్రాకెట్: స్పీడు నిజం, కిలోమీటర్లు అబద్ధం

హోండా సీబీఆర్ 250ఆర్‌కి కంపెనీ ఇచ్చిన స్ప్రాకెట్లలో (చైన్ తగులుకునే పళ్ల చక్రాలు) ముందుదానికి 14 పళ్లు, వెనకదానికి 38. నా బండిది 2013 మోడల్. చైన్ సెట్ అరిగిపోయి ఎలాగూ మార్చాల్సి వచ్చింది కాబట్టి వెనక 38 అలాగే ఉంచి, ముందు 15 వేయించాను. తేడా ఒక్క పన్నే. ఆ ఒక్క పన్ను ఎన్నింటిని మార్చిందో చెప్పాలనే ఈ రివ్యూ.

నేనుండేది కోదాడలో. హైదరాబాద్ వెళ్లి రావడం మామూలే. విజయవాడ హైవే మీద ఈ బండితో నాకున్న గొడవ ఒకటే, ఆరో గేరులో పోతున్నా ఇంజన్ ఇంకా అరుస్తున్నట్టే ఉంటుంది. లేని ఏడో గేరు కోసం ఎడమ కాలు పైకి లేస్తుంది. మెకానిక్‌కి 15 అని చెప్పగానే, "పికప్ పోతది సార్, తర్వాత నన్ను అనొద్దు" అని ముందే చేతులు దులిపేసుకున్నాడు. స్ప్రాకెట్ ఒక్కదానికీ ఫిట్టింగ్‌తో కలిపి వెయ్యి దాటలేదు. కొత్త చైన్‌కి కంపెనీ ఇచ్చినన్ని లింకులే సరిపోయాయి. ముందు ఒక పన్ను పెరిగితే వెనక చక్రం ఓ నాలుగు మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది, అంతే. పాత చైన్‌కి కొత్త స్ప్రాకెట్ మాత్రం వేయించకండి. సాగిన చైన్ కొత్త పళ్లను త్వరగా తినేస్తుంది.

హైవే మీద హాయి మాత్రం నిజం. అదే వేగానికి ఇంతకుముందు నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజన్ ఇప్పుడు 5,600 తిరుగుతోంది. చదివితే చిన్న తేడానే. చౌటుప్పల్ దాటాక ఆపకుండా సూర్యాపేట దాకా తోలితే, దిగాక అరచేతుల తిమ్మిరి తగ్గిందని తెలుస్తుంది. టాప్ స్పీడు పెరుగుతుందని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. పళ్లు మార్చినంత మాత్రాన ఇంజన్‌కి బలం రాదు.

ఇక మెకానిక్ మాట. ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ వైపు ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు అతనే గుర్తొచ్చాడు. ఫస్ట్ గేరు పొడుగయింది, హాఫ్ క్లచ్ వాడకం పెరిగింది. వెనక మనిషి కూర్చుంటే ఫ్లైఓవర్ మీద మూడో గేరు దగ్గరే ఆలోచించాలి. అరవై లోపు ఆరో గేరు వేస్తే బండి గునుస్తుంది. రోజూ ఊళ్లోనే తిరిగేవాళ్లకి ఇది అనవసరం.

అసలు తమాషా మీటర్‌లో ఉంది. ఈ బండి స్పీడును చక్రం దగ్గర కొలవదు. గేర్‌బాక్స్‌లోంచి బయటికొచ్చి ముందు స్ప్రాకెట్‌ని తిప్పే షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో సెన్సర్ లెక్కపెడుతుంది. ఆ షాఫ్టుకి 14 పళ్లు తగిలించామా 15 తగిలించామా అన్నది దానికి తెలియదు. కాబట్టి షాఫ్టు అన్నే చుట్లు తిరిగినా చక్రం ఇప్పుడు సుమారు ఏడు శాతం ఎక్కువ తిరుగుతుంది, డిజిటల్ అంకె మాత్రం అదే చూపిస్తుంది. అలాగైతే మీటర్ తప్పుదోవ పట్టిందనే కదా అనుకుంటాం. కానీ ఇది మొదట్నుంచీ ఎక్కువ చేసి చూపించే మీటర్. ఉన్న వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపించకూడదని కంపెనీలు కావాలనే కాస్త పెంచి పెడతాయి. ఫోన్ జీపీఎస్ పక్కన పెట్టి చూస్తే, 14 పళ్లతో మీటర్ 90 అన్నప్పుడు నిజం 84. 60 అన్నప్పుడు 56. ఇప్పుడు 90 అంటే 90, 60 అంటే 60, ఒకటి అటూ ఇటూ. కంపెనీ పెంచి పెట్టినంతా ఆ ఒక్క పన్నుతో సరిపోయింది. (పరీక్ష మీరూ చేయాలనుకుంటే హైవే మీదే చేయండి. ఔటర్ రింగ్ రోడ్డు మీదకి బైకుల్ని రానివ్వరు.)

దెబ్బ పడింది ఓడోమీటర్‌కి. పెంచి చూపించడం స్పీడు అంకెకే పరిమితం. తిరిగిన దూరాన్ని మాత్రం అది మొదట్నుంచీ దాదాపు సరిగ్గానే లెక్కపెట్టేది, కిలోమీటరు రాళ్లతో సరిచూసుకున్నాను కూడా. ఇప్పుడు బండి 15 కిలోమీటర్లు నడిస్తే మీటర్‌లో 14 ఎక్కుతున్నాయి. మీటర్ చూసి లెక్కేస్తే మైలేజీ 28 వస్తుంది, ఎవరికైనా గుండె జారుతుంది. నిజానికి అది 30. మీటర్ 5,600 పెరిగితే ఇంజన్ ఆయిల్ 6,000 కిలోమీటర్లు పనిచేసినట్టు. కాబట్టి సర్వీసుకి కాస్త ముందే వెళ్లాలి. అమ్మేటప్పుడు ఈ సంగతి కొనేవాళ్లకి చెప్పి తీరాలి, లేకపోతే మీటర్ వెనక్కి తిప్పిన దానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

దీనికి మందుగా స్పీడో హీలర్ లాంటి చిన్న పెట్టెలు దొరుకుతాయి. సెన్సర్ వైరు మధ్యలో కూర్చుని లెక్కను పెంచుతాయి, తగ్గిస్తాయి. నేను కొనలేదు. స్పీడుకీ దూరానికీ సెన్సర్ ఒక్కటే, పెట్టె రెండింటినీ కలిపే మారుస్తుంది. కిలోమీటర్లు సరిచేస్తే 84కి మళ్లీ 90 అనడం మొదలవుతుంది. రెండింట్లో నాకు కావలసింది స్పీడు. కిలోమీటర్లని 15తో గుణించి 14తో భాగించుకోవడం నాకు బరువేం కాదు.

జాగ్రత్త పడాల్సింది చలాన్ల విషయంలో. ఇదివరకు మీటర్ 80 చూపిస్తే నిజం 75 లోపే, స్పీడ్ గన్ ఎదురైనా టెన్షన్ లేదు. ఇప్పుడు ఆ ఐదు చేతిలో లేవు. పైగా వెనక అరిగిన టైరు తీసి కొత్తది వేస్తే చుట్టుకొలత కొద్దిగా పెరుగుతుంది, అప్పుడు మీటర్ 80 అన్నా నిజం 81, 82 ఉండొచ్చు. నేను 80 బోర్డు ఉన్నచోట 75 దగ్గరే ఉంటున్నాను.

ఈ లెక్కంతా అన్ని బళ్లకీ వర్తించదు. స్ప్లెండర్, ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్ లాంటి వాటికి స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది. వాటికి స్ప్రాకెట్ ఏది మార్చినా మీటర్‌కి సంబంధం లేదు. మీ బండి సంగతి తెలియకపోతే, మెకానిక్ దగ్గర స్టాండు మీద వెనక చక్రం గాలిలో ఉంచి గేరు వేసి చూడమనండి. ముందు చక్రం కదలకుండా మీటర్ కదిలితే అది వెనక నుంచో గేర్‌బాక్స్ నుంచో లెక్కపెడుతున్నట్టు. గేర్‌బాక్స్‌దే అయితే ముందు, వెనక ఏ స్ప్రాకెట్ మారినా లెక్క మారుతుంది. వెనక చక్రం దగ్గరే సెన్సర్ ఉంటే మారదు.

మా బావమరిదికీ ఇదే బండి ఉంది, వాడుండేది పాడేరులో. నాది చూసి వాడూ మార్పిస్తానన్నాడు. ఘాట్‌రోడ్డు వాడికి 15 వద్దని చెప్పాను. ఎక్కుడు కోసం 13 వేయించుకుంటానంటున్నాడు. వేయించుకోవచ్చు, పికప్ బ్రహ్మాండంగా ఉంటుంది. కాకపోతే మీటర్ 90 చూపించినప్పుడు వాడు వెళ్లేది 78.