టెస్సెల్ దీవిలో ఎదురుగాలి, గేర్లు లేని రెండు సైకిళ్ళు

అద్దె సైకిళ్ళ షాపులో అబ్బాయి ఎలక్ట్రిక్ సైకిళ్ళు చూపిస్తున్నా మావయ్యగారు వాటివైపు పోలేదు. మూలనున్న నల్ల సైకిలు దగ్గరికెళ్ళి, టైరు బొటనవేలితో నొక్కి, బెల్లు ఒకసారి మోగించి, "ఇది చాలమ్మా" అన్నారు. గేర్లు లేవు, నిటారుగా కూర్చుని తొక్కే బండి. రోజుకు పది యూరోలు. ఎలక్ట్రిక్‌ది అంతకు మూడింతలు. రేపల్లె దగ్గర కాలవ గట్ల మీద సైకిలేసుకుని ముప్ఫై ఏళ్ళు లైన్‌మన్ ఉద్యోగం చేసిన మనిషి ఆయన. నేనూ అలాంటిదే తీసుకున్నాను.

నెదర్లాండ్స్ ఉత్తరపు అంచున ఉన్న దీవి ఇది. రాసేది టెక్సెల్ అని, ఇక్కడివాళ్ళు పలికేది టెస్సెల్ అని. మార్చి చివరి వారాంతం వెళ్ళాం. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో డెన్ హెల్డర్, అక్కణ్ణుంచి 28 నంబరు బస్సులో రేవుకి. గంటకో పడవ, దాటడానికి 20 నిమిషాలు. మేం వెళ్ళినప్పుడు మనిషికి 2.50 యూరోలు, అదే రానూ పోనూ టికెట్. తిరిగొచ్చేటప్పుడు దీవి మీద అసలు టికెట్లే అమ్మరు. 1907 నుంచి నడుస్తున్న ఈ పడవల కంపెనీలో వాటాలు చాలావరకు దీవివాళ్ళవే. శుభ్రం, సమయపాలన రెండూ చూసి మావయ్యగారు ముచ్చటపడ్డారు. అత్తయ్యగారు సైకిలు తొక్కరు. ఆవిడా మావారూ అదే 28 నంబరు బస్సులో నేరుగా మా బస ఉన్న డె కోఖ్ ఊరికి వెళ్ళి, ఎకోమారే అనే సముద్రజీవుల కేంద్రంలో సీల్ జంతువులకి మేత వేయడం చూశారు. పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళకి ఈ ఏర్పాటు చాలా బాగుంటుంది.

సైకిలెక్కగానే ఒక చిక్కు. ఈ సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మన సైకిలు ఆపాక పెడల్‌ని వెనక్కి తిప్పి, కాలికి అందేచోట పెట్టుకుంటాం కదా. ఆ అలవాటుతో మావయ్యగారు రెండుసార్లు ఒరిగిపోయారు. నాకు గుండె జారింది. పదినిమిషాలు షాపు ముందే అటూ ఇటూ తిరిగాక దారికొచ్చారు. మీరూ పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఆ పదినిమిషాలు తప్పకుండా కేటాయించండి. ఇంకొకటి, సీటు బోల్టు మీరే గట్టిగా కదిపి చూసుకోండి. నా సీటు రెండు కిలోమీటర్లకే కిందికి దిగిపోయింది, షాపువాళ్ళు స్పానర్ ఇవ్వలేదు. దారిలో ఒక రైతు బిగించి పంపాడు.

మొదటిరోజు గాలి మాతోనే ఉంది. ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి, పడవ దిగేది దక్షిణపు కొసన. అందుకని ఉత్తరానికి తొక్కుతుంటే వీపు మీద ఎవరో చెయ్యేసి తోస్తున్నట్టే ఉంటుంది. డెన్ హోర్న్ ఊళ్ళో సూదిగా లేచిన తెల్లటి చర్చి శిఖరం, ఆ తర్వాత ఇసుక దిబ్బలు, పైన్ చెట్ల అడవి. కూడళ్ళలో నంబర్ల బోర్డులుంటాయి. వెళ్ళాల్సిన నంబర్లు కాగితం మీద రాసుకుంటే ఫోన్ తియ్యక్కర్లేదు. పదిహేను కిలోమీటర్లు ఎలా అయిపోయాయో తెలియలేదు.

డె కోఖ్‌లో బస మాత్రం నేను మళ్ళీ తీసుకోను. సముద్రం దగ్గరే, గది శుభ్రమే, కానీ రాత్రంతా కిటికీ దడదడలాడింది. తిందామనుకున్న రెండు హోటళ్ళు ఆ సీజన్‌కి ఇంకా తెరవలేదు. మార్చిలో వెళ్ళేవాళ్ళు దీవి మధ్యలో ఉన్న డెన్ బుర్ఖ్‌లో వంటగది ఉన్న ఇల్లు తీసుకోవడం మేలు. అక్కడ ఏడాది పొడుగునా దుకాణాలుంటాయి, ఏ దిక్కు నుంచి గాలి కొట్టినా తిరుగుదారి సగమే.

రెండోరోజు ఉదయం ఉత్తరపు కొసనున్న లైట్‌హౌస్‌కి గంటలోపే చేరాం. 1864లో కట్టిన ఎర్రటి బురుజు. 1945 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యంలో ఉన్న జార్జియా (అప్పటి సోవియట్ యూనియన్‌లోది) సైనికులు ఈ దీవిలో ఆ జర్మన్ల మీదే తిరగబడ్డారు. మిగతా యూరప్‌లో యుద్ధం ఆగినా ఇక్కడ మే 20 దాకా ఆగలేదు. అప్పుడు దెబ్బతిన్న గోడ చుట్టూ తర్వాత కొత్త గోడ కట్టారు. మెట్లెక్కుతుంటే రెండు గోడల సందులో పాత గోడకి తగిలిన గుండ్ల గుంతలు కనిపిస్తాయి. మావయ్యగారు ఒక గుంతలో వేలు పెట్టి చూశారు, కిందికి దిగేదాకా మాట్లాడలేదు.

ఇక పడవ రేవు దాకా పాతిక కిలోమీటర్లు, మొత్తం ఎదురుగాలి. నిటారు సైకిలు మీద మనిషే తెరచాప. నేను పెడల్ మీద లేచి తొక్కబోతే, "లేవకమ్మాయ్, గాలికి ఇంకా దొరికిపోతావు. కూర్చునే మెల్లగా తొక్కు" అన్నారు. కాస్సేపటికి ఆయనే ముందుకొచ్చి, "గాలి కుడిపక్కనుంచి కదా, నువ్వు నాకు ఎడమపక్క, కాస్త వెనగ్గా ఉండు" అన్నారు. అలా ఉండగానే చెవుల్లో హోరు తగ్గింది. ఎండాకాలం పడమటి గాలిలో గడ్డి ట్రాక్టర్ల చాటున వెళ్ళేవాళ్ళట. ఆ గంటలో ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఇంతకుముందు ఎప్పుడూ కలగలేదు. ఈ దేశంలో 2013 నుంచి ఎదురుగాలి సైకిల్ పోటీ ఒకటి జరుగుతోంది, తుఫాను గాలిలో సముద్రపు అడ్డుకట్ట మీద 8.5 కిలోమీటర్లు. అందరికీ గేర్లు లేని ఇలాంటి సైకిళ్ళే ఇస్తారు. ఆ సంగతి చెప్తే, "వయసు పరిమితి ఉందా?" అని అడిగారు.

ఊస్టరెండ్ దాటి హోఖే బెర్ఖ్ చేరాం. పేరుకి ఎత్తైన కొండ, నిజానికి పదిహేను మీటర్లు. మా తొడలకి మాత్రం కొండే. ఆ వాలు మీదున్న గొర్రెల కొట్టాలు సగానికి కోసిన ఇళ్ళలా ఉంటాయి. నైరుతి వైపు గడ్డికప్పు నేలదాకా వాలుతుంది, గాలి దానిమీదుగా జారిపోతుంది. తలుపులు అవతలి పక్క. మేం ఆ తలుపు పక్కన చేరి గోడకి ఆనుకుని కూర్చోగానే అంత గాలీ చప్పున ఆగిపోయింది. నిన్నటి దిబ్బరొట్టె ముక్కలు, మాగాయ తీశాను. నాలుగడుగుల దూరంలో గడ్డిపెళ్ళలు పేర్చి కట్టిన పొట్టిగోడ చాటున ఒక గొర్రెపిల్ల ముడుచుకుని పడుకుంది. బొడ్డుతాడు ఎండి ఇంకా వేలాడుతోంది. గోడమీది గడ్డి విరిగిపోయేలా ఊగుతున్నా దాని ఒంటిమీద ఒక్క వెంట్రుక కదల్లేదు.

అదే వాలు మీద ఆ జార్జియా సైనికుల సమాధులున్నాయి. సైకిళ్ళు గేటు దగ్గర ఆపి కాసేపు నిలబడ్డాం. మావయ్యగారు మంకీ క్యాప్ తీసేశారు.

మీరు వెళ్తే మాత్రం దిక్కు తిప్పుకోండి. ఒక్కరోజే ఉంటే లైట్‌హౌస్ దాకా పోవద్దు. డెన్ బుర్ఖ్‌లో బస చేస్తే ఎదురుగాలి ముక్క పొద్దున్నే తొక్కేసి గాలితో వెనక్కి రండి. మాకు పాతిక కిలోమీటర్లకి మూడున్నర గంటలు పట్టింది. అయిదు గంటల పడవకి పది నిమిషాలుందనగా సైకిళ్ళు అప్పజెప్పాం. హ్యాండిల్ మీద సముద్రపు ఉప్పు తెల్లగా కట్టింది. మావయ్యగారు జేబురుమాలు తీసి బెల్లూ హ్యాండిలూ శుభ్రంగా తుడిచి, స్టాండ్ వేసి, పడవ దగ్గర ఎదురుచూస్తున్న అత్తయ్యగారి వైపు నడిచారు.