ఎఫ్‌డీ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు: హైదరాబాద్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి ఎంతవరకు పనికొస్తుంది?

మార్కులు ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ఎఫ్‌డీ కార్డుకి మేం వేసేది ఐదుకి నాలుగు. కోసిన ఆ ఒక్క మార్కూ చిన్న లిమిట్‌కి. అయితే ఇది హాస్టల్లో దిగినవాళ్ల లెక్క. వచ్చీరాగానే ఫ్లాట్ తీసుకున్నవాళ్లకి ఇదే కార్డు రెండు మార్కులు కూడా చెయ్యదు. ఆ తేడా కార్డులో లేదు, చేతిలో మిగిలే డబ్బులో ఉంది.

కార్డు సంగతి సింపులే. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తారు, దాన్ని పూచీగా పెట్టుకుని బ్యాంకు క్రెడిట్ కార్డు ఇస్తుంది. జీతం స్లిప్పు అడగదు, పాత క్రెడిట్ స్కోరు అడగదు. పద్దెనిమిదేళ్లు నిండి పాన్, ఆధార్ ఉంటే చాలు. లిమిట్ బ్యాంకునిబట్టి డిపాజిట్‌లో 75 నుంచి 100 శాతం దాకా ఉంటుంది. డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే వస్తుంది గానీ, కార్డు నడిచినన్నాళ్లూ దాన్ని బ్రేక్ చెయ్యనివ్వరు. బ్యాంకు భాషలో ఆ ఎఫ్‌డీ మీద లీన్ ఉంది అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది.

ఇదంతా దేనికంటే స్కోరుకి. అప్పు ఎంత సరిగ్గా తీరుస్తారో చెప్పే అంకె అది. సిబిల్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఇంతవరకూ అప్పే ఎరగనివాళ్లకి సున్నా రాదు, మైనస్ ఒకటి అనో ఎన్‌హెచ్ అనో చూపిస్తుంది. అంటే చరిత్ర లేదని. కార్డు మొదలుపెట్టి ఓ ఆరు నెలలు బిల్లులు కడితే అసలు అంకె కనిపిస్తుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కోటి ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, కాబట్టి మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా కళ్లముందే ఉంటుంది. డబ్బు కట్టి చూడాల్సిన పని లేదు.

ఇక ఇంటి లెక్క. చేతిలో 50 వేలు ఉన్నాయనుకుందాం. ముగ్గురు కలిసి నెలకి 24 వేల టూ బీహెచ్‌కే తీసుకుంటే, హైదరాబాద్‌లో మామూలుగా అడిగే రెండు నెలల అడ్వాన్స్ 48 వేలు, మొదటి నెల అద్దె 24 వేలు. తలా 24 వేలు. బ్రోకర్ ద్వారా వెళితే కమిషన్ అదనం. పరుపు, గ్యాస్ స్టవ్, వాటర్ క్యాన్ డిపాజిట్, బకెట్ల దగ్గర్నుంచి కొనుక్కుంటూ పోతే ఇంకో పన్నెండు వేలు ఎటు పోయాయో తెలియదు. మిగిలేది 14 వేలు, మొదటి జీతానికి ఇంకా ఇరవై రోజులు. ఎఫ్‌డీ వెయ్యడానికి ఏముంది? సరిగ్గా ఇక్కడే లోన్ యాప్ నోటిఫికేషన్ తియ్యగా కనిపిస్తుంది.

అదే త్రీ షేరింగ్ హాస్టల్ 8 వేలు, అడ్వాన్స్ 2 వేలు అనుకోండి. పది వేలతో మంచం, టిఫిను, భోజనం, వైఫై వచ్చేశాయి. 25 వేలు ఎఫ్‌డీలో పడెయ్యొచ్చు, 15 వేలు అకౌంట్లో ఉంచుకోవచ్చు. సాంబారు నీళ్లలా ఉందని విసుక్కోవడం న్యాయమే, కానీ మొదటి ఆరు నెలలకి దీన్ని మించిన ఏర్పాటు లేదు. ఫ్లాట్ ఓనర్ దగ్గర పెట్టిన అడ్వాన్స్‌కి వడ్డీ రాదు. పైగా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అందులో కొంత, చాలాచోట్ల ఒక నెల అద్దె, కోసుకుంటారు. ఎఫ్‌డీలో పెట్టింది వడ్డీ తెచ్చుకుంటూనే స్కోరు కడుతుంది.

కార్డు తీసుకునేటప్పుడు చిక్కు వచ్చేది అడ్రసు దగ్గర. ఆధార్‌లో ఊరి అడ్రసు ఉంటుంది, ఉండేది కొండాపూర్‌లో. ఆధార్ ఈ-కేవైసీ చేస్తే ప్రస్తుత అడ్రసుని సొంత డిక్లరేషన్‌తో ఇవ్వొచ్చు, కరెంటు బిల్లు తెమ్మంటే ఈ మాట చెప్పండి. కొరియర్ వచ్చేది పగలు, మీరుండేది ఆఫీసులో. బ్యాంకు ఒప్పుకుంటే ఆఫీసు అడ్రసే ఇవ్వడం నయం. కార్డు జారీ అయిన 30 రోజుల్లోగా యాక్టివేట్ చెయ్యకపోతే బ్యాంకు ఓటీపీతో మళ్లీ మీ సమ్మతి అడగాలి, మీరు ఇవ్వకపోతే కార్డు మూసెయ్యాలి. హాస్టల్ మారిన ప్రతిసారీ అడ్రసు మార్చడం మర్చిపోవద్దు, లేకపోతే కొత్త కార్డు పాత హాస్టల్ వాచ్‌మన్ చేతికి పోతుంది.

మొదటిసారి ఆన్‌లైన్‌లో వాడితే డిక్లైన్ అయింది, కార్డు పాడైందని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేవాళ్లు బోలెడుమంది. పాడవలేదు. 2020 అక్టోబరు నుంచి ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డు దేశంలోని ఏటీఎంలు, స్వైపింగ్ మెషిన్లలో మాత్రమే పనిచేసేలా వస్తుంది. ఆన్‌లైన్ వాడకాన్ని యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. అప్పుడే రోజువారీ పరిమితి కూడా పెట్టెయ్యండి. ఏటీఎంలో డబ్బు తియ్యడాన్ని మాత్రం పూర్తిగా ఆఫ్ చెయ్యండి. నగదు తీస్తే అదే రోజు నుంచి వడ్డీ, పైగా వందల్లో ఫీజు.

రూపే రకం దొరికితే అదే తీసుకోండి, యూపీఐకి తగిలించుకోవచ్చు. కిరాణా కొట్లో, మెడికల్ షాపులో క్యూఆర్ కొడితే క్రెడిట్ కార్డు నుంచే పోతుంది. అది షాపు పేరు మీద తీసుకున్న క్యూఆర్ అయితేనే. హాస్టల్ ఓనర్‌ది చాలాసార్లు సొంత నంబరు. “కార్డు గీర్డు వద్దు తమ్మీ, ఫోన్‌పే కొట్టెయ్” అంటాడు. కొట్టినా బ్యాంకు అకౌంట్ నుంచే పోతుంది, కార్డు నుంచి పోదు.

అద్దె దగ్గరికొస్తే, కార్డు మీద అద్దె కట్టే దారి యాప్‌లలో చాలావరకు మూసుకుపోయింది. 2025 సెప్టెంబరులో పేమెంట్ అగ్రిగేటర్ల (మనం కట్టే డబ్బుని వ్యాపారులకి చేర్చే సంస్థల) మీద రిజర్వు బ్యాంకు నిబంధనలు వచ్చాక, వ్యాపారిగా నమోదు కాని ఇంటి ఓనర్‌కి ఇలా డబ్బు పంపడం కుదరక పెద్ద యాప్‌లు ఆ సేవ ఆపేశాయి. అంతకుముందు కూడా బ్యాంకు ఒక శాతం, యాప్ ఇంకో శాతం, దానిమీద జీఎస్టీ వేసేవాళ్లు. పోయిందని బాధపడక్కర్లేదు. ఎఫ్‌డీ కార్డుతో అద్దె అసలు కట్టకూడదు, కారణం లిమిట్.

25 వేల ఎఫ్‌డీకి 90 శాతం ఇచ్చారనుకోండి, లిమిట్ 22,500. అందులో 30 శాతానికి లోపే వాడటం స్కోరుకి మంచిదని ఈ రంగంలో అందరూ పట్టించుకునే కొలత. అంటే 6,750. ఎనిమిది వేల హాస్టల్ ఫీజు ఒక్కటే ఆ గీత దాటేస్తుంది. వాడకం ఎక్కువైన నెలలో స్టేట్‌మెంట్ తయారయ్యే లోపే కొంత కట్టెయ్యండి. స్టేట్‌మెంట్‌లో పడిన బాకీయే ఎక్కువగా రిపోర్టుకి వెళుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి ఈ స్కోరు సంస్థలకి వివరాలు పంపాలి కాబట్టి, మంచైనా చెడైనా తొందరగానే ఎక్కుతుంది.

తేదీలు సరిచేసుకోవడం సగం పని. జీతం ఒకటో తేదీ, హాస్టల్ ఫీజు ఐదో తేదీ లోపు. బిల్లు గడువు ఇరవై ఐదో తేదీన పడితే అప్పటికి అకౌంట్లో చిల్లర మిగులుతుంది. బిల్లింగ్ సైకిల్‌ని కనీసం ఒక్కసారి మార్చుకునే వీలు బ్యాంకు ఇవ్వాలి. స్టేట్‌మెంట్ పదిహేనో తేదీ ప్రాంతంలో వచ్చేలా మార్చుకుంటే గడువు మూడు, ఐదు తేదీల మధ్య పడుతుంది. ఆటోపే పెట్టేటప్పుడు ‘టోటల్ డ్యూ’, ‘మినిమం డ్యూ’ అని రెండుంటాయి. చేతి వేలు రెండోదాని మీద పడిందా, ఇక తడిసి మోపెడే.

ఎలాగో చూడండి. బిల్లు 18 వేలు, మినిమం ఐదు శాతం, అంటే 900 కట్టారు. మిగిలిన 17,100 మీద నెలకి మూడున్నర శాతం వడ్డీ 598 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 108. మొత్తం 706. నిజానికి కొన్న రోజు నుంచి లెక్కేస్తారు గనక ఇంకాస్త ఎక్కువే అవుతుంది. ఆ నెలలో కొత్తగా కొన్న టూత్‌పేస్టుకి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. అటు పాతిక వేల ఎఫ్‌డీ ఆరున్నర శాతానికి నెలకి తెచ్చేది 135. అయిదు నెలల వడ్డీ ఒక్క నెల బద్ధకానికి సరి.

ఎక్కువమంది మోసపోయేది ఇంకోచోట. ‘నా డబ్బు వాళ్ల దగ్గరే ఉందిగా, కట్టకపోతే అందులోంచి తీసుకుంటారు’ అనుకుంటారు. తీసుకుంటారు, కానీ మర్నాడే కాదు. నోటీసులు, ఫోన్లు అయ్యి నెలలు గడిచాక. ఈలోగా రిపోర్టులో నెలనెలా ఉండే గడుల్లో 000 ఉండాల్సిన చోట 030, ఆ తర్వాత 060 పడతాయి, అంటే అన్ని రోజులు ఆలస్యమని. మొదటి కార్డు మీదే ఆ అంకెలుంటే రెండో కార్డు ఇచ్చేవాడు ఎఫ్‌డీ గురించి అడగడు. గడువు దాటి మూడు రోజుల లోపు కట్టేస్తే ఆలస్యంగా రిపోర్టు చెయ్యకూడదు, లేటు ఫీజూ వెయ్యకూడదు. అంతకు మించి కుదరదనిపిస్తే ముందే బ్రాంచికి వెళ్లి ఎఫ్‌డీతో బాకీ తీర్చేసి కార్డు మూసెయ్యమని అడగండి. వడ్డీ కాస్త పోతుంది, రిపోర్టు శుభ్రంగా ఉంటుంది.

ఇక కార్డు చేసే ఇంకో ఉపకారం, ఎవరూ పెద్దగా చెప్పనిది: మీరున్న చోటు సరైనదో కాదో స్టేట్‌మెంటే చెప్పేస్తుంది. ఉద్యోగం రాయదుర్గంలో, చవకని హాస్టల్ మెట్రోకి మూడు కిలోమీటర్ల దూరంలో తీసుకున్నారనుకుందాం. నెలాఖరుకి స్టేట్‌మెంట్‌లో క్యాబులు పద్నాలుగు, సగటున 180. అది 2,520. హాస్టల్ కూర తినలేక తెప్పించుకున్న పార్సిళ్లు పదకొండు, ఒక్కోటి 220. అది 2,420. కలిపి 4,940. రెండు వేలు ఎక్కువైనా ఆఫీసుకి నడిచివెళ్లే దూరంలో ఉన్నదో, అమీర్‌పేట, ఎస్సార్ నగర్ స్టేషన్లకి పక్కనే ఉండి తిండి బాగున్నదో దీనికంటే చవక. వానాకాలం మాదాపూర్ రోడ్ల మీద క్యాబ్ రేట్లు ఎలా ఎగురుతాయో అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. మూడు నెలల స్టేట్‌మెంట్లు ముందేసుకుని ఈ రెండు రకాల ఖర్చులూ కలిపి చూశాకే హాస్టల్ మార్చాలో వద్దో తేల్చుకోండి. నెల ముందు నోటీసు ఇవ్వకపోతే అడ్వాన్స్ ఎగరగొడతారు, ‘మెయింటెనెన్స్’ అని ఎలాగూ కొంత కోస్తారు, అదీ లెక్కలో వేసుకోండి.

‘జీరో అడ్వాన్స్’ బోర్డులు చూసి ఆశపడేవాళ్లకి ఒక హెచ్చరిక. ఆరు నెలలు, ఏడాది ఫీజుని ఈఎంఐలుగా మార్చి సంతకం పెట్టమంటే అది అద్దె ఒప్పందం కాదు, మీ పేరు మీద అప్పు. రెండో నెలలోనే గది ఖాళీ చేసినా ఈఎంఐ ఆగకపోవచ్చు. కోచింగ్ ఫీజుల్లోనూ ఇదే బాపతు. అప్పు అయితే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి, అందులో అప్పిచ్చే సంస్థ పేరు, ఏడాదికి మొత్తం ఖర్చు శాతం ఉంటాయి. అది చూడకుండా ఓటీపీ చెప్పకండి.

ఆరు నెలలు, కుదిరితే ఏడాది, ఇలా నడిపాక మామూలు కార్డు రావడానికి అవకాశం బాగుంటుంది. ఫ్లాట్‌కి మారడానికి కూడా సరైన సమయం అదే. అప్పటికి అడ్వాన్స్‌కి జీతంలో మిగిలింది ఉంటుంది, వాషింగ్ మెషిన్ ఈఎంఐకి స్కోరు ఉంటుంది. కొత్త కార్డు చేతికొచ్చేదాకా పాతది మూసెయ్యకండి. ఎమ్మెస్‌కి వెళుతున్నవాళ్లు మాత్రం విమానం ఎక్కేలోపే మూసెయ్యడం మంచిది. ఓటీపీలన్నీ ఇక్కడి నంబరుకే వస్తాయి. ఇక్కడి స్కోరు అక్కడ అపార్ట్‌మెంట్ ఇచ్చేవాళ్లకి మామూలుగా కనిపించదు కూడా, అక్కడ దాదాపు మళ్లీ మొదట్నుంచే.

మూసేటప్పుడు బాకీ సున్నా చేసి రాతపూర్వకంగా అడగండి. ఏడు పనిదినాల్లో మూసెయ్యకపోతే ఆ తర్వాత రోజుకి 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు ఇవ్వాలి. కార్డు మూసినంత మాత్రాన లీన్ దానంతటదే పోయిందనుకోవద్దు. నెట్‌బ్యాంకింగ్‌లో ఎఫ్‌డీ వివరాలు తెరిచి లీన్ మొత్తం దగ్గర సున్నా ఉందో లేదో చూడండి. లేకపోతే బ్రాంచిలో ఇంకో అర్జీ పెట్టాలి. రెండు నెలల తర్వాత రిపోర్టు తీసి, ఆ ఖాతా పక్కన ‘క్లోజ్డ్’ అని ఉందో, ‘సెటిల్డ్’ అని ఉందో కూడా చూసుకోండి. రెండోదంటే బాకీ పూర్తిగా కట్టకుండా తగ్గించి తేల్చుకున్నారని అర్థం. అది ఉంటే వెంటనే ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థ సైట్‌లో డిస్ప్యూట్, అంటే తప్పు పడిందని ఫిర్యాదు, వెయ్యాలి.