మ్యూజిక్ యాప్‌లో 'లిరిక్స్ మీనింగ్' ఫీచర్, నెల రోజులు వాడాక

నేను పాటలు వినే యాప్‌లో లిరిక్స్ పక్కన 'మీనింగ్' అని కొత్తగా ఒక బటన్ వచ్చింది, ఏ లైన్ మీద నొక్కితే ఆ లైన్ అర్థం చెప్తుంది. ఎక్కువగా ఒకే ఒక్క విషాద గీతం మీద ట్రై చేశా, ఎందుకంటే ఆ పాట నాకు మొత్తం నోటికొచ్చు, ఎక్కడ తడబడినా వెంటనే తెలిసిపోతుంది.

పదాల వరకూ బాగుంది. 'నిశీథి' అంటే అర్ధరాత్రి అట, ఇన్నేళ్ళూ నేను ఉత్త చీకటి అనుకున్నా. సమాసాలు కూడా విడగొట్టి చూపిస్తోంది.

అసలు గొడవంతా 'వెళ్ళిపోయింది' అన్న మాట దగ్గర. ఎవరు వెళ్ళిపోయారో పాటలో ఎక్కడా లేదు. తెలుగులో ఆ క్రియ ఆడమనిషికీ సరిపోతుంది, కాలానికీ బాల్యానికీ వసంతానికీ కూడా సరిపోతుంది, రాసినాయన కావాలనే అలా వదిలేశాడని నా నమ్మకం. యాప్ మాత్రం మొదటి లైన్‌కే 'ప్రేయసి విడిచి వెళ్ళింది' అని తేల్చేసి అక్కడ్నుంచి పాట మొత్తాన్ని బ్రేకప్ సాంగ్ చేసేసింది. మరి రెండో చరణంలో జోలపాట, నుదుటి మీద చెయ్యి వస్తాయి కదా, అది అమ్మ కాక ఇంకెవరు? మా అమ్మ పోయాకే నేను ఈ పాటని సరిగ్గా విన్నాను, అందుకే ఇంత పట్టుబడుతున్నానేమో, అయినా నాకు అలాగే వినిపిస్తుంది.

పల్లవిలో 'దీపం ఆర్పకు' అని ఉంటుంది, మొత్తం మూడుసార్లు వస్తుంది. మొదటిసారి ఇంకా వస్తుందేమోనని ఎదురుచూపు. రెండో చరణం అయ్యాక ఇక రాదని తెలిసీ అంటున్నాడు. చివర్లో వాయిద్యాలన్నీ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగులుతుంది, అప్పుడు ఆ మాట తనకి తనే చెప్పుకుంటున్నాడు, అక్కడ నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. యాప్ మూడు చోట్లా అదే పేరా అతికించింది.

పైగా మూడ్ దగ్గర 'డిప్రెషన్' అని ట్యాగ్. విషాద సంగీతం వినేవాళ్ళ మీద 2014లో వచ్చిన ఒక సర్వేలో 772 మంది పాల్గొంటే, అన్నిటికంటే ఎక్కువగా కలిగే ఫీలింగ్ నోస్టాల్జియా అని తేలింది, బాధ దాని తర్వాతే. ఆ ట్యాగ్ తీసేస్తే మంచిది.

ఇంకోటి, 'కళ తప్పిన కళ్ళు' అని పాడితే స్క్రీన్ మీద 'కల తప్పిన కళ్ళు' అని పడింది, దాన్ని పట్టుకుని కలలు చెదిరిపోయాయని పెద్ద వివరణ రాసేసింది. ఇలా తప్పుగా వినడానికి ఇంగ్లీషులో మాండెగ్రీన్ అని పేరే ఉంది, 1954లో సిల్వియా రైట్ అనే రచయిత్రి పెట్టింది, మనుషులకి ఇది మామూలే, కానీ అర్థం చెప్తానని వచ్చినవాళ్ళు ముందు అక్షరం చూసుకోవాలి కదా.

ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నా. ఆ తప్పుని రిపోర్ట్ చేస్తే నాలుగు రోజుల్లో 'ళ' సరిచేశారు, కింద వివరణలో మాత్రం కలలు ఇంకా అలాగే ఉన్నాయి.