నాలుగేళ్లు వాడిన ఎలక్ట్రోస్పిన్నింగ్ యంత్రం: నానోతంతువు నాణ్యత ఎక్కడ తేలింది

మా ప్రయోగశాలలో, పాలిమర్ ద్రావణాన్ని అధిక వోల్టేజితో లాగి అతి సన్నని నానోతంతువులుగా తీసే పెట్టె ఆకారపు ఎలక్ట్రోస్పిన్నింగ్ యంత్రం ఒకటి నాలుగేళ్లుగా దాదాపు ప్రతి వారమూ నడుస్తోంది. పాలీకాప్రోలాక్టోన్, పాలీఅక్రిలోనైట్రైల్, పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్ల ద్రావణాల నుంచి దీని మీద తంతువులు తీశాను. కొనేముందు మేము అన్నిటికంటే ఎక్కువగా చూసింది గరిష్ఠ వోల్టేజి. 50 కిలోవోల్టులు ఇస్తుందని విని సంతోషించాము కాని, ఇన్నేళ్లలో 25 దాటించిన సందర్భాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తంతువు బాగోగులు తేలింది మేము కొనేటప్పుడు అడగని భాగాల దగ్గరే.

ఇలాంటి యంత్రం చేయవలసిన పని నిజానికి ఒక్కటే. సూది కొసన వేలాడే ద్రావణపు బొట్టు విద్యుత్ క్షేత్రంలో శంకువుగా సాగుతుంది; ఆదర్శ స్థితిలో దాని అర్ధకోణం 49.3 డిగ్రీలని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జెఫ్రీ టేలర్ 1964లో లెక్కగట్టి చూపాడు. ఆ శంకువు మొన నుంచి వెలువడే ధార కొంత దూరం తిన్నగా నడిచి, ఆపైన కొరడాలా మెలికలు తిరుగుతూ సాగి సన్నబడుతుంది. ద్రావణి, అంటే పాలిమర్‌ను కరిగించిన ద్రవం, ఆవిరైపోగా మిగిలిన పాలిమర్ తంతువై, తంతువులను పోగుచేసే కలెక్టర్ మీద పడుతుంది. శంకువును గంటల తరబడి కదలకుండా నిలపగలిగిన యంత్రమే మంచి యంత్రం.

ఆ కొలతతో చూస్తే మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది, సూదికి ద్రావణాన్ని నెట్టే సిరంజి పంపు. మొదట్లో, మాటిమాటికీ నింపే శ్రమ తప్పుతుందని, 20 మి.లీ. సిరంజి వాడేవాళ్లం. దాని లోపలి వ్యాసం సుమారు 19 మి.మీ. గంటకు 0.5 మి.లీ. ప్రవాహం పెడితే పిస్టన్ గంటకు 1.8 మి.మీ. కూడా జరగదు. అంత నెమ్మదైన కదలికలో అంచెలంచెలుగా తిరిగే స్టెప్పర్ మోటారు వేసే ఒక్కొక్క అడుగూ బయటపడుతుంది, పిస్టన్ రబ్బరు కాసేపు అతుక్కుని ఉండి ఒక్కసారిగా జారుతుంది. ఆ జారినప్పుడల్లా శంకువు ఉబ్బి ఒక చుక్క రాలేది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద తంతువుల నడుమ పూసలు, కరిగి అతుక్కున్న మచ్చలు కనిపించేవి. తప్పు ద్రావణంలోనే ఉందనుకుని, పాలిమర్ గాఢతను మార్చుకుంటూ కొన్ని నెలలు వృథా చేశాము. 12 మి.మీ. వ్యాసం గల 5 మి.లీ. సిరంజికి మారగానే పిస్టన్ వేగం రెండున్నర రెట్లు పెరిగి, మచ్చలు చాలావరకు పోయాయి.

పంపును పెట్టె బయట అమర్చడం మాత్రం తయారీదారు చేసిన మంచి పని. నిప్పురవ్వ ఎగిసినప్పుడు పంపులోని ఎలక్ట్రానిక్స్ దెబ్బతినకుండా అది కాపాడుతుంది. అయితే దాని మూలంగా వచ్చిన పొడవైన మెత్తని గొట్టం మరో చిక్కు తెచ్చింది. అందులో చిన్న గాలిబుడగ చిక్కుకున్నా అది స్ప్రింగులా పనిచేస్తుంది. ప్రవాహాన్ని తగ్గించిన చాలాసేపటి దాకా సూది దగ్గర పాత వేగమే ఉంటుంది. వీలైనంత పొట్టిగా కోసిన గట్టి టెఫ్లాన్ గొట్టంతో ఆ బెడద తగ్గింది.

ఇక సూది చుట్టూ ఉండే లోహపు అమరిక. 15 సెం.మీ. దూరానికి 15 కిలోవోల్టులు పెట్టి, క్షేత్రం సెంటీమీటరుకు 1 కిలోవోల్టు అని రాసుకోవడం అందరికీ అలవాటే. అది సగటు మాత్రమే. సూది మొన దగ్గర క్షేత్రం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది; ఎన్ని రెట్లన్నది సూది మందం మీద, దాన్ని బిగించిన పట్టీలోంచి అది ఎంత బయటికి పొడుచుకువచ్చింది అన్నదాని మీద, వెనుక ఏ లోహం ఉంది అన్నదాని మీద ఆధారపడుతుంది. సూది చుట్టూ గుండ్రటి లోహపు పళ్లెం ఒకటి బిగిస్తే క్షేత్రం సమంగా పరుచుకుని, ధార తిన్నగా నడిచే దూరం పెరిగింది, కలెక్టర్ మీద తంతువులు పడే చోటు ఆకారం నిలకడగా వచ్చింది. ధార మొదలవడానికి మాత్రం వోల్టేజి కాస్త ఎక్కువ కావలసి వచ్చింది. వేరొకరి వ్యాసంలోని వోల్టేజిని, దూరాన్ని యథాతథంగా పెట్టుకుని తంతువుకు అదే మందం రావాలని ఆశించడం ఎందుకు కుదరదో నాకు ఈ పళ్లెంతోనే అర్థమైంది.

పెట్టె లోపలి గాలి విషయంలో ఈ యంత్రానికి నేను తక్కువ మార్కులే వేస్తాను. తేమ నియంత్రణ విడిగా కొనవలసిన భాగం కావడంతో మేము వదిలేశాము. గాలిలో తేమ పెరిగిన రోజుల్లో నీటిలో కరిగించిన పాలీవినైల్ ఆల్కహాల్ తంతువులు ఆరకుండానే పడి ఒకదానికొకటి అతుక్కునేవి. క్లోరోఫాం వాడిన రోజుల్లో చిక్కు వేరు: ద్రావణి త్వరగా ఆవిరై పాలిమర్ సూది కొసనే గడ్డకట్టేది. తేమ కొలిచే పరికరాన్ని పైమూలన, గాలిని బయటికి లాగే ఫ్యాన్ పక్కన పెట్టారు. అది చూపే అంకెకూ సూది దగ్గరి స్థితికీ పొంతన ఉండదు. ఆ ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పితే ధార పక్కకు వాలుతుంది, ఆపేస్తే మండే గుణమున్న ద్రావణుల ఆవిరి పేరుకుని నిప్పు ప్రమాదం. చివరికి వేగం తగ్గించే మీట ఒకటి మేమే పెట్టుకుని, పొడిగాలి గొట్టాన్ని కింది నుంచి లోపలికి తెచ్చాము. ఆక్రిలిక్ గోడలు విద్యుదావేశం పట్టి తంతువులను తమవైపు లాక్కుంటాయి. పైగా క్లోరోఫాం ఆవిరికి వాటి మీద సన్నని పగుళ్లు వచ్చాయి.

కలెక్టర్‌గా వాడే తిరిగే డ్రమ్ మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. 10 సెం.మీ. వ్యాసంతో నిమిషానికి 2000 చుట్లు తిరిగితే ఉపరితల వేగం సెకనుకు 10 మీటర్లు దాటుతుంది, తంతువులు చాలావరకు ఒకే దిశలో పరుచుకుంటాయి. అంతకు మించి తిప్పితే డ్రమ్ లేపే గాలికే అవి చెదురుతాయి. డ్రమ్‌ను ఎర్తింగ్‌కు కలిపే కార్బన్ బ్రష్ అరిగినప్పుడు మాత్రం తంతువులు డ్రమ్‌ను వదిలి పెట్టె అంతటా సాలెగూడులా అల్లుకున్నాయి.

నాలుగు సూదుల తలను ఆశపడి కొన్నాము. 10 శాతం ద్రావణాన్ని గంటకు 1 మి.లీ. చొప్పున పంపితే ఒక సూది ఇచ్చేది గంటకు సుమారు 0.1 గ్రాము తంతువే కనుక ఆ ఆశ సహజమే. కాని ఒకే ఆవేశం గల ధారలు ఒకదాన్నొకటి తోసుకుని అంచు ధారలు బయటికి వంగిపోయాయి. వాటి కింద పడిన పొర మందమూ లోపలి సూదుల కింది పొర మందమూ ఎన్నడూ కలవలేదు. ఇప్పుడది బీరువాలో ఉంది. పెద్ద మొత్తంలో తీయవలసినవారు, ద్రావణంలో తిరిగే రోలరు నుంచే ధారలను లేపే సూదిలేని పద్ధతిని చూడటం మేలు.

తలుపు తీయగానే వోల్టేజి ఆగిపోయే ఏర్పాటు ఇందులో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా విఫలం కాలేదు. అయినా సరఫరా ఆగాక కూడా సూది మీద ఆవేశం కొంతసేపు మిగిలే ఉండవచ్చు కనుక, చేయి పెట్టే ముందు ఎర్తింగ్ కడ్డీతో దాన్ని తాకాలి. ఆ కడ్డీ యంత్రంతో పాటు రాలేదు. మేమే ఒకటి చేయించి, తలుపు తీసేవారి చేతికి మొదట అదే తగిలేలా పిడి పక్కన వేలాడదీశాము.