త్రీడీ స్లైసర్ రివ్యూ: సాఫ్ట్‌వేర్ ఉచితమే, సీడీ దగ్గరే అసలు చిక్కు

కోనసీమలో దింపు కార్మికుడు కొబ్బరి చెట్టు మీంచి పడితే దెబ్బ తగిలే చోట్లలో కటి ఎముక ఒకటి. ఎసిటాబ్యులమ్, అంటే తొడ ఎముక తల కూర్చునే గిన్నె పగిలినప్పుడు, సర్జన్‌కి ఫిల్ముల కన్నా చేత్తో తిప్పి చూసే మోడల్ ఎక్కువ పనికొస్తుంది. పగిలిన ఎముకను కలిపి పట్టే లోహపు ప్లేటును ముందే దాని మీద వంచి పెట్టుకోవచ్చు. సీటీ స్కాన్ నుంచి ఆ మోడల్ తీసే సాఫ్ట్‌వేరే త్రీడీ స్లైసర్, దానికి పైసా కట్టక్కర్లేదు. అయితే ఇది పరిశోధన కోసం చేసిన సాధనం, చికిత్సకు ఆమోదం ఉన్న పరికరం కాదు. కొలతల పూచీ వాడినవాళ్లదే.

అమలాపురమైనా భీమవరమైనా, స్కాన్ సెంటర్ చేతిలో పెట్టే సీడీలో చాలాసార్లు 5 మి.మీ. స్లైసులే (ఒంటి అడ్డకోత చిత్రాలు) ఉంటాయి. రిపోర్టు రాయడానికి అవి చాలు. మోడల్ చేస్తే మాత్రం ఎముక మెట్లు మెట్లుగా వస్తుంది. స్మూతింగ్‌తో ఆ మెట్లు నునుపవుతాయి గానీ మధ్యలో పోయిన పగులు గీత తిరిగి రాదు. అందుకే స్కాన్‌కి ముందే టెక్నీషియన్‌కి చెప్పాలి: 1 మి.మీ. లేదా అంతకన్నా పలచని స్లైసులు, సాఫ్ట్ టిష్యూ కెర్నెల్ (చిత్రాన్ని నునుపుగా తయారుచేసే సెట్టింగు), డైకామ్ ఫైళ్లు (స్కాన్ల అసలు ఫార్మాట్). ఆ స్లైసులు తయారుచేసే రా డేటాను యంత్రంలో ఎక్కువ రోజులు ఉంచరు, తర్వాత అడిగితే లేదంటారు. బోన్ కెర్నెల్ తెర మీద పదునుగా కనిపిస్తుంది, కానీ దాంతో వచ్చే నాయిస్ (చిత్రంలోని గరుకు చుక్కలు) అంతా మోడల్ మీద పొక్కుల్లా దిగుతుంది. కాంట్రాస్ట్ మందు నరానికి ఎక్కించి ఉంటే రక్తనాళాలూ ఎముకతో సమానంగా మెరిసి దానికే అతుక్కుంటాయి.

ల్యాప్‌టాప్ గురించి బెంగ అక్కర్లేదు. 512×512 స్లైసు ఒక్కోటి అర ఎంబీ, ఐదొందలున్నా 250 ఎంబీ. పని నడిచేటప్పుడు దానికి పదింతల ర్యామ్ ఖాళీగా ఉండాలని లెక్క. ముందు క్రాప్ వాల్యూమ్‌తో కావలసిన భాగం కత్తిరించుకుంటే 8 జీబీతో సరిపెట్టుకోవచ్చు.

ఎముకను వేరుచేసే సెగ్మెంట్ ఎడిటర్‌లో థ్రెషోల్డ్, అంటే ఎంత సాంద్రత దాటితే ఎముకగా లెక్కించాలన్న హద్దు, 200 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల దగ్గర మొదలుపెట్టండి. నీరు 0, గాలి -1000 అన్న కొలమానం అది. ఎముక పలచబడిన పెద్దవాళ్లలో గిన్నె లోపలి గోడకి చిల్లులు పడతాయి, అప్పుడు కాస్త దించాలి. మరీ దించితే కండరం అంటుకుంటుంది, పెంచితే ఎముక సన్నబడుతుంది. స్కాన్ బల్ల కూడా మోడల్‌లోకి వచ్చేస్తే ఐలాండ్స్ (విడి ముక్కలను ఏరే సాధనం)లో అతి పెద్ద ముక్కను ఉంచమంటే పోతుంది. అయితే విరిగి విడిపోయిన చిన్న ముక్కలూ దాంతోపాటే పోతాయి! విరిగిన కేసుల్లో ఆ బటన్ జోలికి పోకుండా సిజర్స్‌తో బల్లను కోసేయడమే నయం.

చాలామంది విసిగి వదిలేసేది తొడ ఎముక తలను గిన్నె నుంచి విడదీసే చోట. కీలు సందు సన్నం, థ్రెషోల్డ్ ఒక్కటే పెడితే రెండూ ఒకే ముద్ద. ఇక్కడ గ్రో ఫ్రమ్ సీడ్స్, అంటే మనం పూసిన రంగుల నుంచి భాగాలను పెంచుకుంటూ పోయే సాధనం, నిజంగా మెచ్చుకోదగ్గది. కటికి ఒక రంగు, తొడ ఎముకకి ఒకటి, మిగతా అంతటికీ మరొకటి, మూడు వ్యూల్లోనూ కొద్దికొద్దిగా పూసి ఇనిషియలైజ్ నొక్కాలి. పొరపాటు కనిపించిన చోట ఇంకో గీత గీస్తే వెంటనే సర్దుకుంటుంది. స్మూతింగ్‌లో జాయింట్ రకమే ఎంచుకోండి. విడివిడిగా చేస్తే ముక్కల మధ్య లేని సందులు పుడతాయి. మీడియన్ రకం స్మూతింగ్‌లో కెర్నెల్‌కి (ఇక్కడ నునుపు చేసే పరిధి) 3 మి.మీ. ఇస్తే పలచటి గోడలు మాయం.

ప్లేటు వంచడానికి బాగున్న వైపు ఎముకను సర్ఫేస్ టూల్‌బాక్స్‌లో మిర్రర్ చేసి ప్రింట్ తీయాలి. 220 మి.మీ. బెడ్ ఉన్న ప్రింటర్‌లో పూర్తి కటి పట్టదు, సగమే తీయండి. ప్రింటర్‌కి పంపే ఎస్‌టీఎల్ ఫైల్లో యూనిట్లు ఉండవు. ప్రింటయ్యాక ఏదో ఒక దూరాన్ని వెర్నియర్‌తో కొలిచి సీటీ కొలతతో పోల్చాలి. మన వానాకాలపు తేమకి ప్రింటర్‌లో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ తీగ చెడి ప్రింటంతా దారాలు తేలుతుంది, సిలికా జెల్ వేసిన డబ్బాలో ఉంచాలి. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడే ఆ మోడల్‌ను ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు, వంచిన ప్లేటుని మాత్రమే పెట్టాలి.